కుంగిన మనస్సునకు మందు: మేలెంత, ఇబ్బంది యెంత?

మా మేనత్తగారు పండ్రెండేండ్లుగా మధుమేహముతో కాపురము చేయుచున్నారు. ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసినవారు. తెల్లవారుజామున రేడియో పెట్టి, భక్తిరంజని వినుచు వాకిట ముగ్గు పెట్టుట ఆమెకు చిరకాలపు అలవాటు. రెండేండ్ల క్రిందట ఆ రేడియో మూగవోయినది. అది చెడిపోలేదు, ఆమెయే దానిని పెట్టుట మానివేసినారు. అరికాళ్ల మంటలచే రాత్రి నిద్ర లేదు. పగలు దేనియందును ఇచ్ఛ లేదు. మాత్రలు వేళకు వేసికొనుట తప్పినది, చక్కెర పెరిగినది. “వయస్సు మీద పడింది, పైగా షుగరు, దిగులుండదా?” అని ఇంటివారము సరిపెట్టుకొంటిమి. అట్లు సరిపెట్టుకొన్నవారిలో నేనును ఒకడను.

అదియే మొదటి పొరపాటు. వైద్యులు డిప్రెషన్ అని పిలుచు ఈ కుంగుబాటు, మధుమేహమున్నవారిలో తక్కినవారికంటె సుమారు రెండురెట్లు ఎక్కువగా కనబడును. అది రోగమునకు వెన్నంటి వచ్చు నీడ మాత్రమే కాదు. పథ్యమును, మందును, నడకను మాన్పించి అసలు రోగమును గూడ ముదురబెట్టును. కావున దానికి వేరుగా చికిత్స కావలెను. ఆ చికిత్సలో మాత్రలు ఒక భాగము.

ఈ మాత్రల కథ మొదలైనదే దీర్ఘరోగుల వార్డులో. 1952లో న్యూయార్కు నగరములోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఐప్రోనియాజిడ్ అను మందు నిచ్చి పరీక్షించిరి. మంచము పట్టియున్న రోగులలో పలువురకు ఆకలి పుట్టినది, ఉత్సాహము వచ్చినది. క్షయకు వాడిన మందులో అనుకోకుండ కనబడిన ఈ గుణమే కుంగుబాటు చికిత్సకు దారి చూపినది. కాని ఆ మందే కొందరి కాలేయమును చెడగొట్టుటచే, కొన్నేండ్లకు అమెరికాలో వాడుకనుండి తొలగింపబడినది. మేలును కీడును ఒకే మాత్రలో ఉండుట నాటినుండి నేటివరకు మారలేదు.

మా మేనత్తగారికి రాత్రిపూట వేసికొనుటకు అమిట్రిప్టిలిన్ వ్రాసినారు. ఇది కుంగుబాటునకు వాడు పాత మందు. తక్కువ మోతాదులో నరముల మంటను గూడ తగ్గించును. కొద్ది రోజులలో మంట తగ్గి నిద్ర పట్టినది. దానితో నోరెండుట, మలబద్ధము కూడ వచ్చినవి. ఒకనాటి రాత్రి మంచము దిగబోయి, కళ్లు తిరిగి పడినారు. రక్తపోటు మాత్రలు వ్రాసిన వైద్యుడొకరు, ఈ మాత్ర వ్రాసినవారు వేరొకరు; ఒకరి చీటిని మరియొకరికి మేము చూపలేదు. లేచి నిలిచినప్పుడు రక్తపోటును పడవేయుట ఈ మందునకు గల గుణము. రక్తపోటు మాత్ర దానికి తోడైనది. భయపడి ఆమె మందును ఒక్కసారిగా మానివేసినారు. నాలుగు రోజులు నిద్ర లేదు, కడుపులో త్రిప్పుట, మరల మంట. మునుపటికంటె ఎక్కువగా కుంగిపోయినారు.

తరువాత మేము తెలిసికొన్న సంగతులు శ్రోతలకు ఉపయోగపడగలవు.

ఈ మందులలో ఇబ్బంది ముందు వచ్చును, మేలు వెనుక వచ్చును. వికారము, తలనొప్పి వంటివి తొలినాళ్లలోనే తోచి, పెక్కుమందికి ఒకటి రెండు వారములలో తగ్గును. మనస్సు తేరుకొనుటకు రెండు మొదలు ఆరు వారములు పట్టును. సేద్యములో పెట్టుబడి ముందు, పంట తరువాత గదా! పదవ రోజున లెక్క చూచినచో నష్టమే కనబడును. మానవలసివచ్చినను వైద్యుని సలహాపై, మెల్లమెల్లగా తగ్గించి మానవలెను.

రెండవది, ఏది రోగము వలన, ఏది మందు వలన అని విడదీయుట. నోరెండుట, మలబద్ధము, కళ్లు తిరుగుట మధుమేహము వలన కూడ కలుగును. కావున మందు మొదలుపెట్టుటకు ముందే నిద్ర, ఆకలి, బరువు, నొప్పి, ఉత్సాహము ఎట్లున్నవో ఒక పుస్తకమున వ్రాసి, వారమువారము పోల్చి చూడవలెను.

మూడవది, మందులన్నియు ఒకటి కావు. సెర్ట్రాలిన్ వంటివి గుండెపోటు వచ్చినవారికి పాతవాటికంటె క్షేమము. కాని ఆస్పిరిన్‌తోను, నొప్పి మాత్రలతోను కలిసినచో రక్తస్రావము కలుగవచ్చును. వృద్ధులలో రక్తములోని ఉప్పును తగ్గింపవచ్చును. దాంపత్యసుఖమునకు భంగము కలిగింపవచ్చును; సిగ్గుచే దీనిని దాచి మందు మానువారు కలరు. మధుమేహమున్నవారు మొదటి వారములలో చక్కెరను తరచుగా చూచుకొనవలెను. ఇరువదియైదేండ్లలోపు వారిలో తొలినాళ్లలో ప్రాణము తీసికొను తలపులు పెరుగవచ్చును, ఇంటివారు కనిపెట్టియుండవలెను. అట్టి తలపు ఎవరికి కలిగినను ఆలస్యము తగదు. 14416 నంబరునకు ఫోను చేసినచో ప్రభుత్వపు టెలి మానస్ వారు ఉచితముగ మాట్లాడుదురు.

మందు అందరికిని పనిచేయునని గూడ చెప్పరాదు. అమెరికాలో మూత్రపిండముల జబ్బుతో కుంగినవారు 201 మందిపై జరిపిన పరిశోధన 2017లో వెలువడినది. సెర్ట్రాలిన్ వేసికొన్నవారు ఉత్తమాత్ర వేసికొన్నవారికంటె ఎక్కువ బాగుపడలేదు. కడుపు బాధలు మాత్రము ఎక్కువైనవి. ఇందుకు భిన్నముగ, విశాఖపట్టణముతో సహా మన దేశములోని నాలుగు చోట్ల మధుమేహ చికిత్సాలయములలో జరిగిన పరిశోధన 2020లో ప్రకటింపబడినది. అందు మాత్రల నిచ్చి ఊరకుండలేదు. ఒకరు రోగిని వరుసగా పలుకరించుచు, వైద్యులు కలిసి ఆలోచించి మందులను సవరించుచు వచ్చిరి. అట్లు చూచుకొన్నవారిలో కుంగుబాటును, చక్కెర, రక్తపోటు, కొలెస్టరాల్‌లలో ఒకటియైనను కలిసి తగ్గినవారు ఎక్కువమంది. మాత్ర ఎంత ముఖ్యమో, దాని వెంట మనిషి యుండుట అంత ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

మేమును చీటీలన్నియు ఒక సంచిలో పెట్టి ఒకే వైద్యుని వద్దకు తీసికొని పోతిమి. ఆయన మూత్రపిండముల పరీక్ష చేయించి, మందు మార్చి డులాక్సెటిన్ ఇచ్చినారు. రక్తపోటు మాత్ర మోతాదును సరిచేసినారు. రెండు వారములు వికారముతో బాధపడినారు. ఆరవ వారమున మా పుస్తకములో “ముగ్గు పెట్టినారు” అని వ్రాసితిమి.

పూర్వపు మనిషి పూర్తిగా తిరిగివచ్చినదని చెప్పలేను. మొన్న అడిగినప్పుడు ఆమె యిట్లన్నారు: “నోరు ఇంకా ఎండుతూనే ఉందిరా అబ్బాయీ. పక్కన మంచినీళ్ల చెంబు పెట్టుకుంటున్నాను. కానీ పొద్దున లేవాలనిపిస్తోంది. నాకిది చాలు.”

ఎంత మేలునకు ఎంత ఇబ్బంది సహింపవచ్చునో నిర్ణయింపవలసినది ఆ మందు మ్రింగువారే. వారికి కావలసిన వివరము లిచ్చుట వైద్యుని పని. వారి మాట వినుట మన పని.