గురియు ఎరుకయు



ముప్పదియైదేండ్లు బడిలో సంధులును సమాసములును చెప్పినవాడు తుపాకులను గూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా దోచవచ్చును. నేను జన్మలో తుపాకి పట్టినవాడను గాను. అయినను ఒక పిల్లవాడు నన్నడిగిన ప్రశ్నకు ముప్పదియేండ్లకు పైగా నేను బాకీపడియుంటిని. ఆ బాకీయే నన్ను 2020వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో లక్నో నగరమున జరిగిన ఆయుధ ప్రదర్శనమునకు గొనిపోయినది.

మొదట ఆ ప్రశ్నను మనవి చేయుదును. 1986వ సంవత్సరమున నేను నల్లమల యడవి యంచుననున్న యొక పల్లెలో తెలుగు పండితుడనుగా నుంటిని. వేరుసెనగ పంట చేతికి వచ్చు దినములలో అక్కడి రైతులు రాత్రులెల్ల మంచెలపై గడపుదురు. అడవిపందుల గుంపు ఒక్క రాత్రి చేనిలో బడినచో సంవత్సరపు కష్టము తెల్లవారుసరికి మట్టిపాలగును. ఒక చీకటిరాత్రి నా శిష్యుని తండ్రి చేనిగట్టున అలికిడి విని, ఆ వైపునకు నాటుతుపాకి పేల్చెను. గుండు తగిలినది. అది తగిలినది పందికి గాదు, అన్నకు అన్నపుమూట దెచ్చుచున్న తమ్మునికి. కొన్ని దినముల తరువాత ఆ పిల్లవాడు బడికి వచ్చి, తక్కినవారు వెడలిపోయిన పిమ్మట, “అయ్యవారూ, మా నాయన గురి తప్పలేదని అందరూ అంటున్నారు. మరి తప్పింది ఏమిటి?” అని నన్నడిగెను. నాకు సమాధానము తోచలేదు. వాని తలపై చేయివేసి యింటికి పంపితిని.

నా మేనల్లుడు బెంగుళూరిలో కటకములను చేయు యొక సంస్థలో ఉద్యోగి. “మామయ్యా, కటికచీకటిలో గూడ చూపించు దుర్భిణులు వచ్చినవి. చూతురుగాని రండు” అని వాడు పిలువగా లక్నోకు పోయితిని. మన రక్షణ మంత్రిత్వశాఖవారు డిఫ్‌ఎక్స్‌పో యను పేర నడుపు ప్రదర్శనములలో అది పదునొకండవది. ఫిబ్రవరి 5 మొదలు 9 వరకు జరిగినది. ఫిరంగులను, యుద్ధశకటములను దాటి, మేము దూరపు గురి రైఫిళ్ల యొద్దకు బోయితిమి. బెంగుళూరి ఎస్‌ఎస్‌ఎస్ డిఫెన్స్ సంస్థవారు వైపర్, సేబర్ అను రెండు రైఫిళ్లను అక్కడ నుంచిరి. మొదటిది 7.62 మిల్లీమీటర్ల తూటాను, రెండవది అంతకంటె బలమైన .338 లాపువా మాగ్నం అను తూటాను పేల్చును. మన దేశమందే రూపొందిన యీ రెంటిని జనులు గుమిగూడి చూచుచుండిరి.

రైఫిల్‌నకును నాటుతుపాకికిని భేదమేమియని మీరడుగవచ్చును. నాటుతుపాకి గొట్టము లోపల నున్నగా నుండును. రైఫిల్ గొట్టములో మరమేకునకు వలె మెలితిరిగిన చాళ్లుండును. గుండు ఆ చాళ్లను ఒరసికొనుచు, తన చుట్టు తాను తిరుగుచు వెలువడును. బొంగరము తిరుగుచున్నంతసేపు ముల్లుమీద నిలుచుట మనమెరుగుదుము. వేగము తగ్గినకొలది తూలిపడును. గుండు విషయమును అంతియే. గొట్టములో సుమారు 30 సెంటీమీటర్లకు ఒక చుట్టు చొప్పున మెలికయున్నచో, సెకనుకు 790 మీటర్ల వేగమున పోవు గుండు సెకనుకు 2,500కు పైబడిన చుట్లు తిరుగును. ఆ తిరుగుడే దాని ముక్కును మార్గము తప్పనీయదు.

చాళ్లున్నంత మాత్రమున సరిపోదు. పేలినప్పుడు గొట్టము తీగవలె కంపించును. అది ప్రతిమారును ఒకే తీరున కంపింపవలెనన్నచో దేనికిని తగులరాదు. అందువలన దానిని వెనుకభాగమున మాత్రము బిగించి, ముందంతయు గాలిలో తేలియుండునట్లు చేయుదురు. మేనల్లుడు పదిరూపాయల నోటును మడచి గొట్టము క్రింద దూర్చి, కొనవరకు అడ్డులేక జరిపి నాకు చూపెను.

ఇట్టి నేర్పు క్రొత్తది గాదు. 1860వ సంవత్సరము జూలై నెలలో ఇంగ్లండునందలి వింబుల్డన్ మైదానమున విక్టోరియా రాణి ఒక పోటీని ప్రారంభించినది. జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రశిల్పి తన రైఫిల్‌ను ముందుగనే 400 గజముల దూరమునకు గురిచేసి ఇనుప పీటపై బిగించియుంచెను. రాణి ఒక పట్టుత్రాడు లాగినది. గుండు లక్ష్యకేంద్రమునకు ఒక అంగుళము మీద కొంచెము దూరమున తగిలినది. గురి యొకరిది, త్రాడు లాగిన చేయి మరియొకరిది. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనుడు.

ఇక కొలతలు. డిగ్రీలో అరువదియవ భాగమును మన జ్యోతిషులు కళ యందురు, లిప్త యనియు నందురు. రైఫిల్ పరీక్షకులకును అదియే ప్రమాణము. ఒక కళ 100 మీటర్ల దూరమున మూడు సెంటీమీటర్లకు కొంచెము తక్కువ, 1000 మీటర్ల దూరమున 29 సెంటీమీటర్లు. మంచి రైఫిల్ అనగా వరుసగా పేల్చిన గుండ్లను ఒక కళలోపల జేర్చునది. అనగా ఒక కిలోమీటరు దూరమున అవి యన్నియు ఒక విస్తరాకు వెడల్పులో పడవలెను.

అయితే గుండు తిన్నగా పోవునని తలపకుడు. భూమి దానిని ఎల్లప్పుడును క్రిందికి లాగుచునే యుండును. 100 మీటర్లకు సరిచేసిన 7.62 రైఫిల్‌ను మార్పు లేక 1000 మీటర్ల లక్ష్యమునకు గురిపెట్టినచో, గుండు పది మీటర్లకు పైగా దిగిపోవును. అది మూడంతస్తుల మేడ యెత్తు. గుండు అక్కడికి జేరుటకు రెండు సెకనులకు కొంచెము తక్కువ కాలము పట్టును. ఆ కాలమున గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి, అనగా చెట్ల యాకులను నిలువనీయక కదలించు గాలి, దానిని రెండున్నర మీటర్లకు తక్కువగాక ప్రక్కకు నెట్టును.

ఈ దిగుడును, ఈ నెట్టుడును సరిదిద్దుటకే రైఫిల్‌పైని దుర్భిణికి రెండు చక్రములుండును. పైచక్రము ఎత్తునకు, ప్రక్కచక్రము గాలికి. ఒక్క టిక్కు త్రిప్పినచో గురి 100 మీటర్ల దూరమున ఒక సెంటీమీటరు, 1000 మీటర్ల దూరమున పది సెంటీమీటర్లు జరుగును. దూరమును కొలుచుటకు లేజరు కిరణమున్నది. వెలుగు ఒక కిలోమీటరు పోయి తిరిగివచ్చుటకు సెకనును పదిలక్షల భాగములు చేసినచో అందు ఏడు భాగములైనను పట్టదు. ఆ స్వల్పకాలమును యంత్రము కొలిచి దూరము చెప్పును.

ఈ లెక్కలన్నియు దుర్భిణియే చేసికొనునట్టి సాధనములును వచ్చినవి. 2013వ సంవత్సరమున అమెరికా దేశపు టెక్సాస్ రాష్ట్రమునందలి ట్రాకింగ్‌పాయింట్ సంస్థవారు అట్టి రైఫిల్‌ను అమ్మకమునకు దెచ్చిరి. లక్ష్యముపై గుర్తు పెట్టి ట్రిగ్గరు నొక్కిపట్టినచో, గురి సరిగా కుదిరిన క్షణమున అదియే పేలును. అంతటి యంత్రమునకును గాలివేగమును మాత్రము మనిషియే చూచి చెప్పవలసి వచ్చెను. అటుపిమ్మట 2022వ సంవత్సరము జనవరిలో అమెరికా సైన్యము వోర్టెక్స్ సంస్థవారి ఎక్స్‌ఎం157 అను దుర్భిణిని ఎన్నుకొన్నది. లేజరు కొలతయు, గుండు గమనపు గణితమును, వాతావరణపు కొలతలును అందులోనే యిమిడియున్నవి.

శ్రోతలారా, ఇంతవరకు చెప్పినదంతయు గుండును కోరినచోటికి జేర్చు విద్య. ఆ కోరినచోట నున్నదేమియో తెలిసికొనుట వేరొక విద్య. నేను లక్నోకు పోయినది దానికొరకు.

రాత్రిచూపు సాధనములు రెండు తెరగులు. ఒకటి నక్షత్రముల వెలుగువంటి కొద్దిపాటి వెలుగును వేలరెట్లు పెంచి చూపును. రెండవదానికి వెలుగుతో పనియే లేదు. ప్రతి వస్తువును తన వేడిమిని కంటికి కానరాని కిరణములుగా వెదజల్లుచుండును. ఆ కిరణములు మామూలు గాజును దాటలేవు. కావున ఆ దుర్భిణి కటకమును జర్మేనియమను ధాతువుతో చేయుదురు. అది చూచుటకు నల్లని లోహపుబిళ్లవలె నుండును. దానిగుండ మనము చూడజాలము, వేడిమి మాత్రము పోవును. లోపలి పలక ఆ వేడిమిలోని హెచ్చుతగ్గులను చిన్నచిన్న చుక్కలుగా మార్చి బొమ్మ గట్టును.

మేనల్లుడు అట్టి దుర్భిణి నొకదానిని నా చేతికిప్పించి, “మామయ్యా, నేను ఆ చివరకు పోయి నిలిచెదను. నన్ను పట్టుకొనుడు చూతము” అని ప్రదర్శనశాల యావలి కొసకు పోయెను. నేను కన్ను ఆనించితిని. నల్లని తెరమీద తెల్లని యాకారములు పది పండ్రెండు కదలుచుండెను. అందరును మనుష్యులే యని తెలిసినది. వారిలో మావాడెవడు? ముఖములు మైనపుముద్దలవలె నుండెను. చొక్కా రంగు లేదు, కండ్లద్దములు లేవు, చిరునవ్వు లేదు. మా యింటనే పెరిగి, నా యొడిలో అక్షరాభ్యాసము చేసినవానిని నేను పోల్చలేకపోతిని. ఒకనిని చూపి వీడే యంటిని. వాడు వేరొకడు.

తిరిగి వచ్చి మేనల్లుడు దాని కారణము చెప్పెను. 1958వ సంవత్సరమున అమెరికా సైన్యపు పరిశోధకుడు జాన్ జాన్సన్ ఈ విషయమునే పరీక్షించి, చూపునకు మెట్లు కట్టెను. ఏదో యున్నదని తెలియుట మొదటిది. అది మనిషియా, మృగమా, బండియా యని జాతి తెలియుట తరువాతిది. ఆ జాతిలో ఇది ఫలానాయని తెలియుట కడపటిది. దుర్భిణిలో ఒక నల్లగీతయు ఒక తెల్లగీతయు జతగా గనబడుట నొక కొలతగా గొన్నచో, వస్తువుయొక్క ఇరుకువైపున ఒక్క జత యిముడునంతటి స్పష్టత మొదటి మెట్టునకు చాలును. జాతి తెలియుటకు నాలుగు జతలు కావలెను. ఫలానాయని తెలియుటకు ఆరింటికి పైగా, జాన్సను లెక్క ప్రకారము 6.4 జతలు కావలెను. ఇదియును సరిసగము అవకాశము మాత్రమే. నూరుమారులు చూచినచో ఏబదిమారులు సరిగా చెప్పుదుమన్నమాట.

దీని యర్థమును గృహస్థుల లెక్కలో చెప్పెదను. ఒక దుర్భిణి 1800 మీటర్ల దూరమున మనిషియంతటి యాకారమును పట్టునని కాగితముపై వ్రాసియున్నదనుకొనుడు. అదే దుర్భిణితో వాని జాతిని తెలిసికొనవలెనన్నచో 450 మీటర్ల దగ్గరకును, ఫలానాయని తెలిసికొనవలెనన్నచో 280 మీటర్ల దగ్గరకును రావలెను. అమ్మకపు కాగితములపై పెద్దయక్షరములతో కనబడునది మొదటి సంఖ్య. కొనువాడు అడుగవలసినది మూడవ సంఖ్య. రైఫిల్ గుండు మాత్రము కిలోమీటరుకు పైగా పోగలదు. ఎరుక యాగిపోయిన చోటికి ఆవల గూడ గురి పారుచుండును. ఆ నడుమ నున్న నేలయే ప్రమాదభూమి.

మరునాడు మేము అయోధ్యకు పోయితిమి. లక్నోకు అది దూరము గాదు. సంజవేళ సరయూ తీరమున గూర్చుండగా, వాల్మీకి చెప్పిన దశరథుని కథ నాకు స్ఫురించినది. యువరాజుగా నున్నప్పుడు అతడు ఆ నదీతీరముననే చీకటిలో పొంచియుండి, కడవ మునుగు చప్పుడు విని, ఏనుగు నీరు త్రావుచున్నదని తలచి శబ్దవేధి బాణమును వేసెను. బాణము వేసినచోటికే పోయి తగిలినది. పడినవాడు, గ్రుడ్డి తలిదండ్రులకు నీరు గొనిపోవ వచ్చిన మునికుమారుడు. ఈ కథను నేను తరగతిలో ఎన్నిమారులో చెప్పియుంటిని. విధి యనియు శాప మనియు వ్యాఖ్యానించితిని. శబ్దవేధి మొదటి మెట్టు విద్య యని మాత్రము నాకు తోచలేదు. చప్పుడు అక్కడ ఏదో యున్నదని చెప్పును. అది యెవరో చెప్పదు. మంచెమీది రైతునకు అలికిడి చెప్పినదియు, నాకు ఆ దుర్భిణి చెప్పినదియు నింతియే.

యంత్రములను నేను నిందింపను. మంచి గొట్టమును, మంచి కటకమును చేయువారి నేర్పు గౌరవింపదగినది. మన దేశమువారు అట్టివి చేయగల్గుట సంతోషింపదగినది. కాని సాధనము పెరిగినకొలది ఒక భ్రాంతియు పెరుగును. బాగుగా కనబడుచున్నది గావున బాగుగా తెలిసినదని మనస్సు తొందరపడును. అట్టి తొందరకు లోబడినవాడు, త్రాడు లాగుటయే తప్ప గురి నెరుగని రాణివంటివాడు.

పొలముల కావలి కాయువారు ఈ ప్రసంగము వినుచుందురు. వారికి నా మనవి యొక్కటే. చేనికి పోవువారు దవ్వునుండియే కేకవేయుచు, దీపము చూపుచు పొండు. మంచెమీదివారు అలికిడికి ముందు పలుకరింపుడు, పిదప చూడుడు. పంది పారిపోయిన పారిపోనిండు. పంట మరుసటి యేడు వచ్చును.

ఆ పిల్లవానికి నేడు ఏబదియేండ్లు దాటియుండును. ఎక్కడ నున్నను ఈ మాట వాని చెవిని బడుగాక. నాయనా, నీవు నన్నడిగిన ప్రశ్నకు ఆనాడు నాకు జవాబు తెలియదు. నీ తండ్రి గురి నిజముగనే తప్పలేదు. అలికిడికిని, ట్రిగ్గరునకును నడుమ “ఎవరది?” యను ఒక్క మాటకు చోటు లేకపోయినది. తప్పినది అది.