చలి నిద్ర లేచిన పాముకు తొలి ముద్ద

రెండు మూడు నెలలు ఏమీ తినకుండా పడుకున్న పాముకు లేవగానే ఏం కావాలి? నీళ్లు! అమెరికాలో, ఐరోపాలో కార్న్ స్నేక్‌లను పెంచేవాళ్లు శీతకాల సుప్తావస్థ ముగిసిన పాము ముందు మొదట పెట్టేది శుభ్రమైన నీళ్ల గిన్నే. ఎలుక వంతు కొన్ని రోజులు ఆగాకే.

కార్న్ స్నేక్ సొంత ఊరు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు. విషం లేదు, నెమ్మది స్వభావం, ఒంటినిండా నారింజ, ఎరుపు మచ్చలు. గుడ్లు పెట్టించాలనుకునేవాళ్లు దీన్ని చలికాలంలో 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకట్లో రెండు మూడు నెలలు ఉంచుతారు. ఊరికే ముచ్చటకు పెంచుకునేవారికి ఆ అవసరం లేదు. ఏడాది నిండని పిల్లలను, బక్కచిక్కినవాటిని అసలు పడుకోబెట్టకూడదు.

పడుకోబెట్టే ముందు కూడా రెండు మూడు వారాలు పస్తే. వినడానికి కఠినంగా ఉన్నా దీనికి గట్టి కారణం ఉంది. పాము తన ఒంట్లో మనలా వేడి పుట్టించుకోలేదు. బయటి వెచ్చదనం అందితేనే తిన్నది అరుగుతుంది. పొట్టలో ఎలుక ఉండగా చలిలోకి పంపితే అది అక్కడే కుళ్లి పాము ప్రాణం మీదికి వస్తుంది. లేచాక కూడా ఇదే లెక్క. వేడిని కొన్ని రోజుల పాటు మెల్లమెల్లగా పెంచి, గాజు పెట్టెలో ఒక మూల 28–30 డిగ్రీలకు చేరి నిలకడగా ఉన్నాకే తిండి మాట ఎత్తాలి. పాములు పెంచే ఇంట్లో అన్నిటికన్నా విలువైన వస్తువు థర్మామీటరేనని నా నమ్మకం.

తొలి భోజనం ఎప్పటికన్నా చిన్నదిగా ఉండాలి. ఫ్రీజర్‌లోని చిట్టెలుకను ఫ్రిజ్‌లో మంచు విడనిచ్చి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి, పొడవాటి పట్టకారుతో అందిస్తారు. బతికున్న ఎలుకను వేస్తే అదే పామును కొరికి గాయపరచవచ్చు. పాము మొదట కదలదు. నాలుక ఒక్కసారి బయటికొస్తుంది, తర్వాత గబగబా ఆడుతుంది. గాలిలోని వాసనను నాలుక పట్టి తెచ్చి అంగిట్లో ఉన్న జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. అంతే, ఒక్క దూకుతో పట్టి చుట్టేస్తుంది. ఆపైన తల ఎక్కడుందో వెతుక్కుని, తల వైపు నుంచే మింగుతుంది. అలా మింగితే ఎలుక కాళ్లు, బొచ్చు వెనక్కి ఒదిగి గొంతులో అడ్డం పడవు.

తిన్నది కక్కేసిందా? వెంటనే ఇంకోటి పెట్టకండి. పది రోజుల నుంచి రెండు వారాలు ఆగి, వేడి సరిచూసి, ఇంకా చిన్నది పెట్టాలి. మళ్లీ కక్కితే పశువైద్యుడి దగ్గరికే. కుబుసం విడవబోయే పాము కళ్లు పాలరంగుకు తిరుగుతాయి. అప్పుడు తిండి వద్దంటే బెంగ అక్కర్లేదు.

పస్తు తర్వాత భోజనం పాము ఒంట్లో ఎంత మార్పు తెస్తుందో బర్మీస్ కొండచిలువలో చూడాలి. తిన్న రెండు రోజుల్లోనే దాని గుండె 40 శాతం దాకా పెరుగుతుందని 2005లో ‘నేచర్’ పత్రిక ప్రచురించింది. పేగుల బరువు కూడా దాదాపు రెట్టింపవుతుంది. అరుగుదల పూర్తయ్యాక అన్నీ మళ్లీ కుంచించుకుపోతాయి.

చాలా జాతుల మగపాములకు వసంతంలో తిండి ధ్యాసే ఉండదు. బ్రిటన్‌లోని యాడర్ జాతి మగపాములు ఆడవాటికన్నా ముందే బయటికొచ్చి, వారాల తరబడి ఎండ కాచుకుని, కుబుసం విడిచి, జతకట్టాకే వేటకు బయల్దేరతాయి. కెనడాలోని మానిటోబాలో, నార్సిస్ దగ్గరి సున్నపురాతి గుంతల్లోంచి ఏప్రిల్ చివర, మే నెలలో గార్టర్ పాములు వేలకు వేలు పైకి వస్తాయి. ఒక్కో ఆడపామును పదుల మగపాములు ఉండలా చుట్టేస్తాయి. ఆ సంబరం ముగిశాకే కప్పల కోసం చిత్తడి నేలలకు ప్రయాణం. దారిలో వాహనాల కింద పడి చస్తున్నాయని అక్కడివాళ్లు హైవే కింద చిన్న సొరంగాలు వేయించారు. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పెంపుడు పాముల్లోనూ పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్‌కు ఈ చలి నిద్ర పనికిరాదు. అది ఉష్ణమండలపు జీవి.

మన దగ్గర మాత్రం నాగుపామును, జెర్రిపోతును, కొండచిలువను పట్టి ఇంట్లో ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నాగుల చవితికి బుట్టలో తెచ్చే పాము పాలు తాగుతోందంటే, రోజుల తరబడి దానికి చుక్క నీరు ఇవ్వలేదని అర్థం. ఆ పాలు దానికి అరగవు. తాగినవి చచ్చిపోవచ్చు కూడా. అలా ఎవరైనా గుమ్మంలోకి వస్తే డబ్బులివ్వకండి, పాలు పోయకండి. అటవీ శాఖకు ఫోన్ చేయండి.