అజ్ఞాతయోధుని మోసిన సామాను పెట్టె

మన ప్రాంతమున మృతుని చివరి ప్రయాణము నలుగురి భుజములమీద సాగును. పాడెకు నాలుగు పచ్చి వెదుళ్లు చాలును. అది తిరిగి యింటికి రాదు. కావున శవమును మోసిన వాహనమును పదిలపరచవలెనను తలంపే మన గృహస్థులకు వింతగా తోచవచ్చును. ఇంగ్లండునందు అట్టి వాహనమొకటి బహు శ్రద్ధతో బాగుచేయబడి నేటికిని నిలిచియున్నది. అది గుఱ్ఱపు బండియు కాదు, మోటారును కాదు. రైలులో సామాను మోయు కొయ్యపెట్టె.

దాని సంఖ్య 132. సౌత్ ఈస్టర్న్ అండ్ చాటమ్ రైల్వేవారు 1919లో ఆష్‌ఫర్డ్ కర్మాగారమున మాదిరిగా నిర్మించిన నాలుగు చక్రముల పెట్టె యిది. ఆ యేటి మే నెలలో ఎడిత్ కావెల్ అను నర్సు భౌతికకాయము బెల్జియమునుండి డోవరు రేవునకు వచ్చెను. జర్మనుల వశమందున్న బ్రస్సెల్సులో మిత్రపక్ష సైనికులను సరిహద్దు దాటించినందుకు 1915 అక్టోబరు 12న ఆమెను కాల్చి చంపిరి. ఆమె శవపేటికను లండనుకు చేర్చుటకు ఈ క్రొత్త పెట్టెను ఉపయోగించిరి. తరువాత ఈ నమూనాపై వెలువడిన పెట్టెలన్నిటిని రైల్వే పనివారు ‘కావెల్ వ్యాను’ అనియే పిలువసాగిరి. జూలైలో, జర్మనులు చంపిన నౌకాధ్యక్షుడు చార్లెస్ ఫ్రయట్ పేటికకూడ ఇందే ప్రయాణము చేసెను.

మూడవ ప్రయాణము 1920 నవంబరు 10 నాటిది. మొదటి ప్రపంచయుద్ధమున కూలిన బ్రిటిషు సామ్రాజ్య సైనికులలో లక్షలమందికి గుర్తు తెలిసిన సమాధి లేదు. వారందరి పక్షమున, పేరు తెలియని యొక యోధుని ఫ్రాన్సునుండి తెచ్చి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఖననము చేయ నిర్ణయించిరి. చీకటిలో పోవునప్పుడు సైతము జనులు గుర్తించుటకై పెట్టె పైకప్పునకు తెల్లరంగు పూసిరి. దారి పొడుగునను ప్రజలు నిలిచి చూచిరి. పేటికలో నున్న దెవరో ఎవ్వరికిని తెలియదు గనుకనే, కొడుకు జాడ తెలియని ప్రతి తల్లియు అతడు తన బిడ్డయే కావచ్చునని తలంచుటకు వీలుండెను. రాత్రి 8 గంటల 32 నిమిషములకు రైలు విక్టోరియా స్టేషను 8వ ప్లాట్‌ఫారము చేరెను. మరునాడు ఖననము జరిగెను.

పిమ్మట పెట్టె సంగతి యేమి? దానిని ఎవ్వరును పూజించలేదు. యథాప్రకారము సామానులను మోసెను. పాతబడిన మీదట రైల్వేవారి సొంత పనులకు మారెను. నా యుద్దేశములో అది బ్రతుకుటకు అదియే కారణము. పనికి వచ్చు వస్తువును ఎవరును విరిచి పొయ్యిలో పెట్టరు గదా!

కొయ్యపెట్టెను బాగుచేయుట తేలిక కాదు. వాన నీరు పలకల అడుగు అంచులలోను, తలుపుల క్రిందను చేరి నిలుచును. కుళ్లు అక్కడనే మొదలగును. పైకి గట్టిగానున్న పలకను సుత్తితో తట్టి చూడవలెను. బోలుగా పలికినచో లోపల చెడినదన్నమాట. ఇనుప చట్రమునకు తుప్పు గీకవలెను. కప్పు పలకలపై కాన్వాసు గుడ్డను బిగించి రంగు పూయుట నాటి వాడుక. నాటి తెల్లరంగులో సీసము కలదు. ఇంజను పొగలోని గంధకము తగిలి అది కొలదికాలముననే నల్లబడును. అందుచేత ఆ తెల్లని కప్పు ఎక్కువ రోజులు తెల్లగా నుండి యుండదు.

ఇచ్చట నొక చిక్కు కలదు. చెడిన పలకలన్నియు మార్చినచో, మిగిలినది ఆనాటి పెట్టెయేనా? ఉన్నదున్నట్లు వదలినచో కొన్నాళ్లకు రాలిపోవును. ఏనాటి రూపమునకు తేవలెననునది రెండవ చిక్కు. అనేక సంవత్సరముల పార్సిళ్ల పని కూడ దాని చరిత్రయే. మూడు ప్రయాణముల కొరకు దానిని చెరిపివేయుట న్యాయమా యని యెవరైన అడుగవచ్చును. అయినను జనులు చూడగోరునది ఆ మూడు ప్రయాణములనే యని నాకు తోచుచున్నది.

కెంట్ అండ్ ఈస్ట్ ససెక్స్ రైల్వే అను పురాతన రైలుమార్గ సంరక్షకులు ప్రజలవద్ద చందాలు వసూలుచేసి, ఖననము జరిగి 90 సంవత్సరములు నిండిన 2010 నవంబరునాటికి పనిని ముగించిరి. కప్పు మరల తెల్లనైనది. 1965లో చర్చిల్ పేటికను మోసిన సామాను పెట్టెకు వేరొక గతి పట్టినది: అది సముద్రము దాటి అమెరికా చేరి, 2007లో స్వదేశమునకు వచ్చి, 2015లో యార్కు రైల్వే మ్యూజియమున ప్రదర్శింపబడెను.

కావెల్ పెట్టెను బోడియం అను చిన్న స్టేషనులో ఉంచిరి. లోపల అజ్ఞాతయోధుని పేటికకు నమూనా యొకటి కలదు. టెంటర్‌డెన్ నుండి వచ్చు ఆవిరి రైళ్లు ఆ స్టేషనువరకు నడచును.