కొలిచేది కెమెరా, తెలుసుకోవలసింది మనం

కోనసీమలో, బాలబాలాజీ ఆలయం వున్న అప్పనపల్లిలో, వైనతేయ గోదావరి గట్టుమీద మిట్టమధ్యాహ్నం నిలబడితే నీళ్ళ మెరుపుకు కళ్ళు చికిలించక తప్పదు. అక్కడినుంచి పక్కనున్న కొబ్బరితోటలోకి వస్తే ప్రాణం లేచివస్తుంది. కొద్దిసేపట్లో తోటలోని దింపుకాయల గుట్టలూ, డొక్కలూ, మట్టలూ అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. "ఇక్కడ వెలుతురు కాస్త తక్కువ" అనుకుంటాం, అంతే.

నిజంగా కాస్తేనా? నడి ఎండలో వెలుతురు సుమారు ఒక లక్ష లక్సులు వుంటుంది. చెట్లనీడలో అది పదోవంతుకో, ఇంకా తక్కువకో పడిపోతుంది. ఇంట్లో, కిటికీకి దూరంగా వున్న గదిలో కొన్ని వందల లక్సులు మాత్రమే మిగులుతుంది. ఇంత తేడా వున్నా మనకు తెలియదు. ఎందుకంటే మన కంటిపాప తనంతట తానే చిన్నదీ పెద్దదీ అవుతుంది. కంటి వెనక పొర కూడా వెలుతురుకు తగినట్టు సర్దుకుంటుంది.

ఫోటో ఫిల్ముకు ఈ నేర్పు లేదు. దానికి కావలసినంత వెలుతురే అందాలి. మరీ ఎక్కువైతే బొమ్మ తెల్లబోతుంది. తక్కువైతే నల్లబడుతుంది. సంక్రాంతికి ఇంటికి వచ్చిన వాళ్ళంతా తాతయ్య చుట్టూ నిలబడ్డారనుకోండి. రీలు కడిగించేదాకా ఫోటో ఎలా వచ్చిందో తెలియదు. తెలిసేసరికి ఎవరి వూరికి వాళ్ళు వెళ్ళిపోయి వుంటారు. అందుకే వెలుతురును కొలవడం అంత ముఖ్యమైంది.

తూము తలుపు

కాలువనుంచి చేలోకి నీరు పెట్టడం మీరు చూసేవుంటారు. తూము తలుపును ఎంత ఎత్తారు, ఎంతసేపు ఎత్తి వుంచారు అన్న రెండు విషయాలను బట్టి చేలోకి ఎంత నీరు వచ్చిందో తేలుతుంది. కెమెరా కూడా అంతే. లెన్సులో వుండే రంధ్రాన్ని ఎపర్చర్ అంటారు. అది ఎంతసేపు వెలుతురును రానివ్వాలో నిర్ణయించేది షట్టర్. ఈ రెండూ కలిసి ఫిల్ముకు అందించే మొత్తం వెలుతురే ఎక్స్‌పోజర్.

ఎపర్చర్‌ను 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అన్న అంకెలతో గుర్తిస్తారు. ఇక్కడ ఒక తమాషా వుంది. అంకె పెరిగినకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఒక్కొక్క మెట్టుకూ వెలుతురు సగమవుతుంది. 8 దగ్గర వచ్చే వెలుతురులో సగమే 11 దగ్గర వస్తుంది.

ఫిల్ములకు కూడా అంకెలుంటాయి. 400 అంకె వున్న ఫిల్ముకు, 100 అంకె వున్న ఫిల్ముకు కావలసిన వెలుతురులో నాలుగోవంతు చాలు. 100 ఫిల్ముతో నడి ఎండలో ఫోటో తీయాలంటే సెకనులో 200వ వంతు కాలం, 11 ఎపర్చర్ సుమారుగా సరిపోతాయి.

పూర్వం ఇదంతా అనుభవంతో అంచనా వేసేవారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో ఫోటోగ్రాఫరుగా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) హైదరాబాదు దర్బారులనూ, భవనాలనూ గాజు పలకల మీద చిత్రించాడు. ఆయన కెమెరాకు వెలుతురును కొలిచే యంత్రమేదీ లేదు. ఆయన కన్నే మీటరు.

చంద్రుని పేరుగల మూలకం

వెలుతురును కొలిచే పని మొదట కెమెరాకు నేర్పింది సెలీనియం అనే మూలకం. 1817లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ దీన్ని కనుగొని, గ్రీకు భాషలో చంద్రునికున్న పేరు పెట్టాడు. 1873లో విల్లోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సముద్రం అడుగున వేసే తంతి తీగల పరీక్షకోసం సెలీనియం కడ్డీలను వాడుతూ ఒక వింత గమనించాడు. వెలుతురు పడినప్పుడు ఆ కడ్డీలగుండా విద్యుత్తు మరింత తేలిగ్గా ప్రవహిస్తోంది! మూడేళ్ళ తరువాత, 1876లో, ఆడమ్స్, డే అనే ఇద్దరు లండనులో ఇంకొక మెట్టు ఎక్కారు. వెలుతురు పడితే సెలీనియం తానే విద్యుత్తును పుట్టిస్తుందని చూపారు.

ఎక్కువ వెలుతురు పడితే ఎక్కువ విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తును సన్నని ముల్లున్న గాల్వనోమీటరుకు కలిపితే ముల్లు జరుగుతుంది. ముల్లు ఎంత జరిగిందో చూస్తే వెలుతురు ఎంతో తెలుస్తుంది. ఆ ముల్లుచేతనే ఎపర్చర్‌ను దిద్దించగలిగితే? అదే ఆటోమాటిక్ ఎక్స్‌పోజర్. 1938లో అమెరికాలో కోడక్ కంపెనీ సూపర్ సిక్స్-20 అనే కెమెరాలో మొదటిసారి ఈ ఏర్పాటు చేసింది. అది చాలా ఖరీదైనది. 1959లో జర్మనీనుంచి వచ్చిన ఆగ్ఫా ఆప్టిమాతో 35 మిల్లీమీటర్ల కెమెరాలకూ ఈ సదుపాయం పూర్తిగా అందింది.

ముల్లును పట్టుకునే కెమెరా

ఈ రకం కెమెరాలలో బాగా పేరుపడినది జపానులో 1967నుంచి 1984దాకా తయారైన ఒలింపస్ ట్రిప్ 35. దాని లెన్సు చుట్టూ బుడిపెలు బుడిపెలుగా వున్న గాజు వలయం వుంటుంది. ఆ వలయం వెనకే సెలీనియం వుంది. దీనికి బ్యాటరీ అక్కరలేదు. ఎపర్చర్ వలయాన్ని 'ఎ' అక్షరం దగ్గర పెట్టాలి. ఫిల్ముమీద వున్న అంకెను లెన్సు ముందున్న వలయంలో పెట్టాలి. ఈ అంకె తప్పుగా పెడితే రీలులోని 36 ఫోటోలలోనూ తప్పు జరుగుతుంది.

ఇప్పుడు మీటను సగం నొక్కండి. లోపల ఒక పట్టీ ముల్లును ఎక్కడున్నది అక్కడే నొక్కిపెడుతుంది. మెట్లు మెట్లుగా కోసిన మరొక పట్టీ ముల్లును తాకేదాకా కదులుతుంది. అది ఎక్కడ ఆగిందన్న దానినిబట్టి ఎపర్చర్, షట్టర్ వేగం నిర్ణయమవుతాయి. షట్టర్ వేగాలు రెండే. సెకనులో 40వ వంతు, 200వ వంతు. వెలుతురు చాలకపోతే, చూసే కిటికీలో ఎర్రజెండా లేస్తుంది, షట్టర్ పడదు. రీలు వృధా కాదన్నమాట!

ఇలాంటి పాత కెమెరా మీ ఇంట్లో ఏ పెట్టె అడుగునైనా దొరికితే, ముందు ఫిల్ము లేకుండానే పరీక్షించండి. మీటను తిప్పి, గాజు వలయాన్ని అరచేత్తో పూర్తిగా కప్పి నొక్కితే ఎర్రజెండా లేవాలి. చెయ్యి తీసి ఆరుబయట నొక్కితే షట్టర్ పడాలి. తరువాత వెనక తలుపు తెరిచి, ఆకాశంవైపు ఒకసారి, నీడవైపు ఒకసారి నొక్కి లోపలికి చూడండి. సూర్యునివైపు మాత్రం ఎన్నడూ చూడకూడదు సుమా! ఆకాశంవైపు చిన్న రంధ్రం, నీడవైపు పెద్ద రంధ్రం తళుక్కుమంటే సెలీనియం పనిచేస్తున్నట్టే. అయితే అది పుట్టించే విద్యుత్తు వయసుతోపాటు తగ్గిపోవచ్చు. కొలత సరిగా వుందో లేదో ఒక రీలు తీసి చూస్తేగాని తేలదు.

పూర్వం ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' ఫిల్ము మనదేశంలో దొరికేది. ఆ కర్మాగారం మూతపడింది. ఇప్పుడు దొరికేవి పైదేశాల ఫిల్ములే. కనుక ప్రతి ఫోటోనూ ఆలోచించి తీయాలి.

మీటరు ఎక్కడ మోసపోతుంది?

అన్నీ కెమెరాయే చూసుకుంటే మనం నేర్చుకోవలసింది ఏముంది? ఇక్కడే అసలు సంగతి వుంది. మీటరుకు వెలుతురు తెలుసుగాని, ఎదురుగా వున్నది ఏమిటో తెలియదు. అది తాతయ్యా, గోదావరా, సున్నం గోడా అన్న విచక్షణ దానికి లేదు. ఎదుటి దృశ్యమంతా కలిపి సగటున బూడిదరంగుగా, అంటే తనమీద పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిప్పిపంపేదిగా వుంటుందని అది అనుకుంటుంది. ఆకులు, మట్టి, మనుషులు కలిసివున్న మామూలు దృశ్యాలలో ఈ అంచనా చక్కగా సరిపోతుంది.

తాతయ్యను తోట అంచున నీడలో, గోదావరి వెనకవచ్చేలా నిలబెట్టండి. మెరిసే నీళ్ళను చూసి మీటరు "అబ్బో, చాలా వెలుతురు!" అనుకుని రంధ్రాన్ని చిన్నది చేస్తుంది. నది అందంగా వస్తుంది. తాతయ్య ముఖం మాత్రం నల్లటి నీడగా మిగిలిపోతుంది. మీటరు తన లెక్కప్రకారం తప్పు చేయలేదు. అయినా మనకు కావలసింది నది కాదు గదా!

దీనికి మూడు ఉపాయాలున్నాయి. ఒకటి, తాతయ్యను తిప్పి, వెలుతురు ముఖంమీద పడేలా నిలబెట్టడం. రెండు, కెమెరాను తాతయ్య నిలబడ్డ నీడలోనే వున్న పచ్చగడ్డివైపు వంచి మీటను సగం నొక్కడం. ముల్లు పట్టుబడింది కనుక వేలు తీయకుండా కెమెరాను పైకెత్తి, పూర్తిగా నొక్కాలి. మూడు, ఫిల్ము అంకెను 100నుంచి 50కి తిప్పడం. అప్పుడు కెమెరా రెట్టింపు వెలుతురునిస్తుంది. 25కు తిప్పితే నాలుగురెట్లు. ఫోటో తీయగానే అంకెను మళ్ళీ 100కు తేవడం మరువకండి.

అనుమానం వస్తే వెలుతురు కాస్త ఎక్కువ ఇవ్వడమే మంచిది. నెగెటివ్ ఫిల్ము ఎక్కువ వెలుతురును కొంతవరకు ఓర్చుకుంటుంది. వెలుతురు అందని చోట మాత్రం బొమ్మే పడదు. పడని బొమ్మను ఎంత మంచి స్టూడియోవారైనా ప్రింటులోకి తేలేరు.

ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. ఫోటో సంఖ్య, వేళ, ఎండా నీడా, మీటను ఎటువైపు చూపి సగం నొక్కారు అన్నవి రాయండి. రీలు కడిగించాక ఫోటోలను పక్కన పెట్టుకుని చదివితే, మీ మీటరు గుణం మీకే తెలిసిపోతుంది.

చేసి చూడండి

పాత కెమెరా లేదా? ఫరవాలేదు. ఇంట్లో పెద్దవారి సెల్‌ఫోను అడగండి. కిటికీకి ఎదురుగా ఒకరిని నిలబెట్టి, తెరమీద కిటికీని వేలితో తాకి ఫోటో తీయండి. తరువాత ముఖాన్ని తాకి మరొకటి తీయండి. రెంటినీ పోల్చండి. సెలీనియం పోయి సిలికాన్ వచ్చినా, "దేనిని చూసి కొలవాలి?" అన్న ప్రశ్న పోలేదు.

ఇక ఒక ప్రశ్న. గట్టుమీద నల్లగేదె మేస్తోంది. దాని వీపుమీద తెల్లకొంగ వాలింది. కెమెరాలో చూస్తే గేదె శరీరమే ముప్పాతికవంతు నిండిపోయింది. మీరు 'ఎ' దగ్గరే వుంచి నొక్కితే గేదె ఎలా వస్తుంది? కొంగ ఈకలు కనిపిస్తాయా? ఫిల్ము అంకెను ఎటు తిప్పాలి? స్నేహితులతో చర్చించి, కారణంతోసహా జవాబు రాయండి.