పెద్ద హోటళ్ళలో అధికారి తీరు – సిబ్బంది పనితనము

మన కొరాపుట్, రాయగడ ప్రాంతములందు హోటలనగా ఇడ్లీయు, కాఫీయు దొరకు చోటనియే వాడుక. ప్లస్ టూ ముగించి హోటలు మేనేజిమెంటు చదువనెంచు పిల్లలకు భువనేశ్వరమునందును, హైదరాబాదునందును విద్యాలయములు కలవు. అట్టివారు చేరబోవు పెద్ద హోటళ్ళలో అధికారి తీరునుబట్టి పని యెట్లు మారునో తల్లిదండ్రులకు విన్నవింపగోరుచున్నాము.

అచ్చట అమ్ముడుపోవునది గదియు, భోజనమును మాత్రమే కాదు, ఆదరణ. అర్ధరాత్రి అతిథికి జ్వరము వచ్చినపుడు ఎదుట నుండువాడు మేనేజరు కాడు; మొన్న చేరిన కుర్రవాడు. ప్రతిదానికి ఆజ్ఞకై కాచుకొనుట నేర్చినవాడు "అడిగి చెప్పెద"ననును. నమ్మి పని అప్పగింపబడినవాడు వైద్యుని పిలుచును. వంటశాల పరిశుభ్రత, అగ్నిభయము మొదలగువానియందు కట్టుదిట్టమైన ఆజ్ఞ కావలసినదే. కాని కేకలువేయు అధికారి క్రింద తప్పులు తగ్గవు, దాచబడును.

జంషెడ్జీ టాటా నెలకొల్పిన బొంబాయి తాజ్‌మహల్ హోటలు 1903లో తెరువబడెను. 2008 నవంబరు 26 రాత్రి ఉగ్రవాదులు దానిపై బడిరి. వెనుక ద్వారములు తెలిసిన సిబ్బంది పారిపోవచ్చును, పోలేదు. విందుశాలలో 24 ఏండ్ల ఉద్యోగిని యొకతె, పైవారి మాటకై చూడక తలుపులు మూయించి, దీపములార్పించి, అతిథులను బల్లలక్రింద ఉంచి కాపాడెను. టెలిఫోను ఉద్యోగినులు గదులలోనివారికి ధైర్యము చెప్పుచుండిరి. పదిమందికి మించిన సిబ్బంది ప్రాణములు కోల్పోయిరి. జనరల్ మేనేజరు కరంబీర్ సింగ్ కాంగ్ భార్యయు, ఇద్దరు కుమారులును ఆ మంటలకే బలియైరి. అయినను ఆయన అతిథులను రక్షించు పని విడువలేదు.

ఇట్టి నడవడి ఒక్క రాత్రిలో పుట్టునా? రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా అను పరిశోధకులు 2011లో హార్వర్డు బిజినెస్ రివ్యూ పత్రికయందు దీనిని విచారించిరి. ఆ సంస్థ శిక్షణ 18 నెలలు. ఇతర హోటళ్ళలో సామాన్యముగా 12 నెలలే. అతిథి మేలుకై స్వయముగా నిర్ణయించుకొను అధికారము క్రింది ఉద్యోగికిని ఇత్తురు. మంచి పనికి మెప్పు ఆలస్యము కాక, పైయధికారి నోటనే వచ్చును. వారు మహానగరములకంటె చిన్న పట్టణముల యువకులను కోరుదురట! పెద్దలయెడ గౌరవము అచ్చట నిలిచియున్నదని వారి తలంపు. తెలుగు, ఒడియా, హిందీ మూడును నోట నాడు మన పిల్లలకిది అనుకూలమైన సంగతియే.

కావున బిడ్డ ఉద్యోగములో చేరి తొలి సెలవులకు ఇంటికి వచ్చినపుడు, జీతమెంత యని అడుగుటతోపాటు, అచ్చట పొరపాటు జరిగినపుడు పైయధికారి మొదట ఏమనునో కూడ అడిగి తెలిసికొనుడని మా మనవి.