పాట గుర్తుంది, ఓటు మరిచాం

మదనపల్లెలో బీటీ కాలేజీ అనగానే ఎవరైనా గర్వంగా చెప్పే మాట ఒకటుంది: జనగణమనకు బాణీ కుదిరింది ఇక్కడే అని. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ ఇక్కడ బస చేశారు, పాడి వినిపించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టారు. ఊరికి ఆమె పేరు ఆ పాటతోనే మొదలై, ఆ పాటతోనే ముగిసిపోతుంది. కానీ ఠాగూర్ రావడానికి 14 నెలల ముందే ఆవిడ ఈ దేశపు ఆడవాళ్లకు ఓటు కావాలని అడిగించారు. ఆ సంగతి వెతుక్కుంటూ పోతేనే అసలు మార్గరెట్ కనబడతారు.

ఐర్లండ్‌లోని బాయిల్ అనే ఊళ్లో 1878లో పుట్టారు. సంగీతంలో పట్టా పొందారు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ మహిళల ఓటు హక్కు సంఘం స్థాపించారు. ఉత్త ఉపన్యాసాలతో ఊరుకోలేదు. 1910లో లండన్‌లో, 1913లో డబ్లిన్‌లో సర్కారు కిటికీల అద్దాలు పగలగొట్టి జైలుకెళ్లారు. టుల్లమూర్ జైల్లో తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని నిరాహార దీక్ష చేసి నెగ్గారు. 1915లో భర్తతో మన దేశానికి వచ్చేనాటికి ఆమె చెయ్యి తిరిగిన పోరాటయోధురాలు.

మదనపల్లె ఆడవాళ్లు అప్పట్లో అబలాభివర్ధిని సమాజం పేరుతో కూడుకునేవారు. పేరులోనే అబల ఉంది. ఆ పేరు పెట్టుకున్నవాళ్లతో కూర్చుని, వాళ్ల మాట విని, మార్గరెట్ కొత్త పని నేర్చుకున్నారని నా నమ్మకం. ఈ ఊళ్లో ఆమె అద్దాలేవీ పగలగొట్టలేదు. 1917 మేలో అడయారులో పుట్టిన భారత మహిళా సంఘానికి ఇలాంటి చిన్న ఊళ్ల సమాజాలే పునాది.

అదే ఏడు భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మన దేశానికొచ్చారు. ఆడపిల్లల చదువు గురించి విన్నవించుకుంటామని మార్గరెట్ అనుమతి కోరారు. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబొచ్చింది. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆవిడ మాత్రం సరే, రాజకీయమే మాట్లాడదామనుకున్నారు. పాలనలో ప్రజలకు భాగమిస్తామంటున్నారు కదా, ఆ ప్రజల లెక్కలో ఆడవాళ్లనూ వేయండి అని విజ్ఞాపన రాశారు. 1917 డిసెంబరు 18న మద్రాసులో సరోజినీ నాయుడు ముందు నడవగా మహిళా బృందం వెళ్లి మాంటేగును కలిసింది.

వెంటనే ఏమీ రాలేదు. ఓటు విషయం తేల్చడానికి వేసిన సౌత్‌బరో కమిటీ ఒప్పుకోలేదు. చివరికి ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకే వదిలేశారు. 1921 ఏప్రిల్‌లో, బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలన్నిటికన్నా ముందు, మద్రాసు శాసనమండలిలో స్త్రీల ఓటు తీర్మానం నెగ్గింది. ఆస్తి ఉన్న కొద్దిమందికే ఆ ఓటు. అయినా తలుపు తెరుచుకుంది. పోటీ చేసే హక్కు 1926 నాటికి గానీ రాలేదు. ఆ ఏటి ఎన్నికల్లో మార్గరెట్ ప్రోత్సాహంతో నిలబడిన కమలాదేవి చటోపాధ్యాయ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు.

ఓటు ఇచ్చి, పోటీ చేయనివ్వని ఇదే అడ్డు సముద్రం అవతలా ఉండేది. బర్మా అప్పటికి ఇండియాలో భాగం. కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడలెక్కి పోయిన మన కూలీలతో రంగూన్ కిక్కిరిసి ఉండేది. అక్కడి స్త్రీలకు 1922లో ఓటు వచ్చింది కానీ, సభలో కూర్చునే హక్కు లేదు. 1927 ఫిబ్రవరి 3న వందమందికి పైగా మహిళలు ఆ హక్కు కోసం రంగూన్‌లో ఊరేగారు. సభలో అందుకోసం పెట్టిన తీర్మానం వీగిపోయింది.

1932లో భావప్రకటనపై ఆంక్షలను ఎదిరించినందుకు మార్గరెట్‌ను వేలూరు జైల్లో పెట్టారు. ఇంగ్లండు, ఐర్లండు, ఇండియా: మూడు దేశాల జైళ్లు చూసిన మనిషి ఆవిడ. తర్వాత పక్షవాతంతో అడయారులో మంచాన పడ్డారు. వయసొచ్చిన ప్రతి స్త్రీకీ ఓటు హక్కున్న 1951-52 ఎన్నికలు ఆమె బతికుండగానే జరిగాయి. అయితే ఆ ఓటర్ల జాబితాల నుంచి సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లను తీసేయాల్సి వచ్చింది. కారణం, ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అన్నారే తప్ప వాళ్లు తమ పేరు చెప్పలేదు. 1954 మార్చి 11న మార్గరెట్ కన్నుమూశారు.

ఆమె బతుకు మనకు దొరుకుతుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి రాసుకున్న ఆత్మకథ ఉంది. మహిళా సంఘం నడిపిన స్త్రీధర్మ పత్రిక ఉంది. అందులో తెలుగు రచనలూ వచ్చేవి. ఇక దొరకాల్సింది అబలాభివర్ధిని సమాజంలో ఆమె పక్కన కూర్చున్న మదనపల్లె ఆడవాళ్ల ఆనవాళ్లు. మీ ఇంటి అటక మీద జేజి కాలంనాటి ట్రంకుపెట్టె ఉంటే ఒక్కసారి దించండి. అందులో పాత సంచికలు, ఉత్తరాలు, ఫొటోలు దొరికితే చెదలకు వదలకండి. ఫొటో వెనక ఆ తల్లుల పేర్లు రాసిపెట్టండి. ఫలానావారి భార్య అని కాదు, వాళ్ల సొంత పేర్లు.