తల్లి కాబోవు వేళ

తొలి కాన్పు పుట్టింట జరుగవలెననునది మన చిత్తూరు, తిరుపతి సీమలలో అనాదిగా వచ్చు ఆచారము. సీమంతము జరిపి, రెండు చేతుల నిండ గాజులు తొడిగి, ఒడి నింపి, తల్లిదండ్రులు కూతురిని వెంటబెట్టుకొని పోవుదురు. వేడుక ముగిసిన రాత్రి ఆ అమ్మాయి మనసులో మెదలు ప్రశ్న ఒక్కటే: "ఈ గండము గట్టెక్కుదునా?" ప్రసవము స్త్రీకి పునర్జన్మయని పెద్దలు ఊరక అనలేదు. ఆ భయమును తీర్చు ఉపాయములను గూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి.

మొదట శరీరము సంగతి. కాన్పు వేళ ప్రతి తల్లికిని కొంత రక్తము పోవును. నిండుగ రక్తమున్నవారు దానిని తట్టుకొందురు. పాలిపోయినవారికి ఆ కొంతయే ప్రాణము మీదికి తెచ్చును. గర్భిణికి హిమోగ్లోబిను 11 గ్రాములకు తగ్గరాదు. 7 గ్రాములకు దిగినచో అపాయమే. కావుననే నాలుగవ నెల మొదలు దినమునకొకటిగ, కనీసము 180 దినములు, ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్ర మ్రింగుమని వైద్యులు చెప్పుదురు. దానిని కాఫీ, టీలతో మ్రింగినచో ఇనుము ఒంటబట్టదు. నిమ్మరసముతో చక్కగ పట్టును.

తిండి ఎక్కువైన బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని కొందరు అత్తలు కోడలి కంచమునకు కోత పెట్టుదురు. ఇది పొరపాటు. రాగిసంగటి, పప్పు, మునగాకు, చెనిక్కాయలు, పాలు, గ్రుడ్డు మన ఇండ్లలో దొరకునవే. వీనిని ఆమె కడుపార తినవలెను. వైద్యులు వలదననంతవరకు నడక, తేలికపాటి ఇంటిపని మేలు చేయును.

ఇక మనసు. తెలియని బాట చీకటిగ తోచును. గర్భాశయ ముఖము మెల్లమెల్లగ 10 సెంటీమీటర్ల వరకు తెరచుకొనును. తొలి కాన్పులో ఇందుకు 12 గంటలు, అంతకు మించియు పట్టుట కలదు. నొప్పి కెరటమువలె లేచి, తగ్గును. రెండు కెరటముల నడుమ విశ్రాంతి యుండును. ఈ సంగతి ముందే ఎరిగినవారు మొదటి నొప్పికే బెదరరు. ఆంగ్ల వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో సహజ ప్రసవమును గూర్చి గ్రంథము ప్రకటించెను. భయము వలన కండరములు బిగియుననియు, బిగింపు వలన నొప్పి హెచ్చుననియు ఆయన వాదము. నొప్పి యంతయు భయము వలననే యని మేమనము. కాని భయము దానిని పెంచుననుట సత్యము. ప్రతి సాయంకాలము కొంతసేపు కూర్చుండి, భుజములు, దవడలు వదులు చేసి, మెల్లగ ఊపిరి పీల్చి మరింత మెల్లగ విడుచుట అభ్యసించినచో ఆ వేళ అది అక్కరకు వచ్చును. శస్త్రచికిత్స అవసరమైనను అది తల్లి ఓటమి కాదు.

తల్లి ఒక్కతె సిద్ధపడిన చాలదు, ఇల్లంతయు సిద్ధపడవలెను. చిత్తూరునకు చేరువనున్న వేలూరులో వైద్యాలయమును నెలకొల్పిన ఐడా స్కడర్ కథ చాలమందికి తెలిసినదే. 19వ శతాబ్ది చివరి దశకమున తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ఆమె వాకిట నిలిచి, తమ భార్యల పురుడు పోయ రమ్మని వేడిరి. ఆమె నాటికి వైద్యురాలు కాదు. వైద్యుడైన ఆమె తండ్రిని, పురుషుడగుటచే, వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు తల్లులును మరణించిరి. ఆ రాత్రియే ఆమెను వైద్యవిద్యకు పురికొల్పినది.

నేడు తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి వైద్యశాల కలదు. 108కి ఫోను చేసినచో వాహనము వచ్చును. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగును. అయినను ఇంటివారు తర్కించుకొనుచు కూర్చున్నచో ఇవి యన్నియు వ్యర్థమే. రక్తము కనబడినను, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినను, మూర్ఛ వచ్చినను, ఉమ్మనీరు పోయినను, బిడ్డ కదలిక తగ్గినను ముహూర్తము చూడరాదు. ఏ ఆసుపత్రి, ఎవరు తోడు, రక్తమిచ్చువారెవరు అను విషయములను ఎనిమిదవ నెలలోనే నిశ్చయించుకొనవలెను. కాన్పు గదిలో తల్లి కోరుకొన్న మనిషి ఆమె చెంత నుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2018లో సిఫారసు చేసినది.

సోదరీమణులారా, సీమంతమునాడు గాజులతోపాటు ఈ మాటలును మీ బిడ్డకు అందజేయుడు. "నీకు మేమున్నాము" అని ఇల్లంతయు పలికిననాడు ఆ రాత్రి ఆమె నిశ్చింతగ నిద్రించును.